పరీక్షించవలసింది మనిషిని కాదు, చట్టాన్ని

మన జిల్లాల రైతుబిడ్డలకు ఫస్లీ లెక్క కొత్త కాదు. తాతల నాటి పహాణీల మీద, జమాబందీ కాగితాల మీద ఇంగ్లీషు సంవత్సరం కాకుండా ఫస్లీ సంవత్సరం రాసి ఉంటుంది. దానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఇప్పుడు నేను చెప్పబోయేది 1329 ఫస్లీ నాటి కాగితం. అంటే 1919 నాటిది. అది భూమి కాగితం కాదు, మనుషుల మీద రాసిన కాగితం. హిజ్రాల మీద నిజాం ప్రభుత్వం చేసిన చట్టం.

అందులో ఏముందో ముందు చూద్దాం. హైదరాబాదు పట్నంలోను, సర్కారు పేర్కొన్న ఇతర చోట్ల ఉండే 'నపుంసకుల' పేర్లు, నివాసాలు ఒక రిజిస్టరులో ఎక్కించాలి. ఎవరివి? పిల్లలను ఎత్తుకుపోతారనో, వాళ్లకు అంగచ్ఛేదం చేస్తారనో, 'ప్రకృతి విరుద్ధమైన' నేరాలు చేస్తారనో అనుమానం ఉన్నవాళ్లవి. గమనించండి, నేరం రుజువు కానక్కరలేదు, అనుమానం చాలు. రిజిస్టరుకెక్కిన మనిషి ఆడబట్టలు కట్టుకునో నగలు పెట్టుకునో వీధిలో కనబడితే, వీధిలో ఆడినా వాయించినా, పోలీసులు వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేండ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పదహారేండ్ల లోపు పిల్లవాణ్ణి ఇంట్లో పెట్టుకున్నా శిక్షే. ఇంతకూ ఎవరు నపుంసకుడు? దానికి చట్టం రెండు దారులు చెప్పింది. తానే ఒప్పుకోవాలి, లేదా వైద్య పరీక్షలో అట్లా తేలాలి.

మన ఊళ్లల్ల యక్షగానాలు, చిందు భాగవతాలు చూడని వాళ్లుండరు. మగవాడు చీర కట్టి సత్యభామ వేషం వేస్తే ఊరంతా చదివింపులు చదివించింది. కచేరీ జవాను కూడా ముందు వరుసలో కూచోని చూసే ఉంటాడు. విరాటపర్వంలో అర్జునుడు ఏడాదిపాటు బృహన్నలగా ఉంటే అది పుణ్యకథ. ఆ చీరే రిజిస్టరులో పేరున్న మనిషి కట్టుకుని బజారుకు వస్తే జైలు. అంటే చీర నేరం కాదు, ఆట నేరం కాదు. ఆ మనిషి ఉండటమే నేరం.

ఈ చట్టం నిజాం సర్కారు సొంత తెలివితో పుట్టింది కాదు. దానికి మాతృక 1871లో బ్రిటిషువాళ్లు ఉత్తరాదిన తెచ్చిన నేరస్థ తెగల చట్టం. ఆ చట్టంలో మొదటి భాగం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే దొంగలన్నది. రెండవ భాగం హిజ్రాలను రిజిస్టరుకెక్కించింది. 1911లో ఆ చట్టాన్ని తిరగరాసినప్పుడు బ్రిటిషువాళ్లే ఈ రెండవ భాగాన్ని వదిలేశారు. తెల్లదొరలు వదిలేసిన ఎనిమిదేండ్లకు దాన్ని హైదరాబాదు సంస్థానం ఎత్తుకున్నది. పక్కింటివాళ్లు పారేసిన పాత చెప్పులు తెచ్చి మన కాళ్లకు తొడిగినట్టు!

సరే, అది నిజాం కాలం, రాచరికం. ఫర్మానా వస్తే ప్రశ్నించే సభ లేదు, ఓటు లేదు అని సరిపెట్టుకుందాం. తర్వాత మాటేమిటి? 1948లో సంస్థానం పోయింది. 1950లో రాజ్యాంగం వచ్చింది. చట్టం ముందు అందరూ సమానులన్నది. 1952లో నేరస్థ తెగల చట్టం దేశమంతటా రద్దయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఈ చట్టం మాత్రం చావలేదు. 'ఆంధ్రప్రదేశ్ తెలంగాణ ప్రాంత నపుంసకుల చట్టం' అని పేరు మార్చుకుని బతికింది. 2014లో కోట్లాడి తెలంగాణ తెచ్చుకున్నాం. పాత చట్టాలను కొత్త రాష్ట్రానికి అన్వయించుకున్నప్పుడు అది మళ్లీ పేరు మార్చుకుని 'తెలంగాణ నపుంసకుల చట్టం' అయి కూర్చున్నది. దుకాణం మీద బోర్డు మార్చినవాళ్లు లోపల సరుకేమున్నదో తెరిచి చూడలేదు. ఏ పార్టీ వాళ్లు చూడలేదు, ఏ ప్రాంతం వాళ్లు చూడలేదు.

చివరికి చూసినవాళ్లెవరు? ఆ చట్టం ఎవరి మీద రాశారో వాళ్లే. వైజయంతి వసంత మొగ్లి, మరి ఇద్దరు 2018లో హైకోర్టుకు వెళ్లారు. ఆ ఏడే కోర్టు దాని అమలును నిలిపివేసింది. 2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్‌రెడ్డిల ధర్మాసనం ఆ చట్టం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని కొట్టివేసింది. అది మనుషుల ఆంతరంగిక జీవితంలోకి చొరబాటనీ, వాళ్ల గౌరవం మీద దాడి అనీ అన్నది. 1919 నుంచి 2023. నూటనాలుగేండ్లు!

"ఉంటే ఉన్నది, ఎవరు అమలు చేసిండ్రు? పాత పుస్తకంల పడున్న చట్టం తోని ఎవరికి నష్టం?" అని అడిగే మిత్రులున్నారు. వాళ్లకు ఒక మాట. దొర సందుగలో ఉన్న పాత ప్రోనోటు సంగతి మన తాతలను అడగండి. అప్పు తీరిందో లేదో తెలువదు, కాగితం మాత్రం దొర దగ్గరనే ఉంటది. పదేండ్లు బయటికి తీయకపోవచ్చు. కాని అది ఉన్నదని తెలిసిన రైతు దొర ముందు తల ఎత్తి నడవలేడు. చట్టం కూడా అంతే. రాత్రిపూట బస్టాండులో హిజ్రాను ఆపిన జవానుకు సెక్షన్ నంబరు తెలియకపోవచ్చు. 'వీళ్లు అనుమానితులు' అన్న భావం మాత్రం అతనికి ఆ నూరేండ్ల రిజిస్టరు నుంచే వచ్చింది. ఊళ్లో చిన్నపిల్లలను 'హిజ్రాలు ఎత్తుకపోతరు' అని భయపెట్టే తల్లికి కూడా ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. చట్టం పోయినా ఆ మాట ఇంకా పోలేదు.

ఇక్కడినుంచి ఢిల్లీకి పోదాం. మన రాష్ట్రంలో ఒక చట్టాన్ని నూరేండ్లు ఎవరూ చదవకపోతే, పార్లమెంటులో అదే మనుషుల గురించి కొత్త చట్టం రాశారు. దాన్నయినా సరిగ్గా చదివారా?

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో ఒక గొప్ప తీర్పు చెప్పింది. తాను మగో, ఆడో, తృతీయ ప్రకృతో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే అన్నది. ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తామని పట్టుబట్టడం అనైతికం, చట్టవిరుద్ధం అన్నది. చదువులో, ఉద్యోగాల్లో వెనుకబడిన తరగతులుగా చూసి రిజర్వేషన్ ఇవ్వమన్నది. ఆసుపత్రుల్లో సరైన వైద్యం అందేటట్టు చూడమన్నది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో తమిళనాడు సభ్యుడు తిరుచ్చి శివ పెట్టిన ప్రైవేటు బిల్లును రాజ్యసభ ఆమోదించింది. ప్రైవేటు సభ్యుల బిల్లులు ఒక సభ దాటడమే అరుదు. కాని అది లోక్‌సభలో చట్టం కాలేదు.

2016 ఆగస్టులో ప్రభుత్వం తన బిల్లు తెచ్చింది. అందులో ట్రాన్స్‌జెండర్ అంటే 'పూర్తిగా ఆడా కాదు, పూర్తిగా మగా కాదు' అన్న నిర్వచనం. ఎవరు ట్రాన్స్‌జెండరో తేల్చడానికి ప్రతి జిల్లాలో ఒక స్క్రీనింగ్ కమిటీ. అందులో ముఖ్య వైద్యాధికారి, సంక్షేమాధికారి, మానసిక వైద్య నిపుణుడు, ట్రాన్స్‌జెండర్ల ప్రతినిధి ఒకరు, సర్కారు నియమించిన ఆఫీసరు ఒకరు. అయిదుగురు కూచుంటే ఎదురుగా ఒక మనిషి నిలబడి తానెవరో నిరూపించుకోవాలి. 1329 ఫస్లీలో 'వైద్య పరీక్షలో తేలాలి' అన్నారు. 2016లో 'కమిటీలో తేలాలి' అన్నారు. సంతలో ఎద్దు పండ్లు పట్టి చూసే పద్ధతికి, దీనికి భేదమేమిటి?

ఈ బిల్లు పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది. ఇక్కడ ఒక మంచి పని జరిగింది. ఆ సంఘం ట్రాన్స్‌జెండర్లను, న్యాయ నిపుణులను పిలిచి విన్నది. 2017 జూలైలో నివేదిక ఇచ్చింది. ఆ నిర్వచనాన్ని తప్పుపట్టింది. పెండ్లి, విడాకులు, దత్తత వంటి పౌరహక్కుల మాట, రిజర్వేషన్ మాట ఎత్తింది. ఆ సంఘంలో ఉన్నవాళ్లు విప్లవకారులేమీ కాదు, అన్ని పార్టీల మామూలు సభ్యులే. కాగితం ముందు పెట్టుకుని, దెబ్బ తగిలే మనిషిని ఎదురుగా కూచోబెట్టుకుని చదివితే ఎవరికైనా కనబడేవే వాళ్లకూ కనబడ్డాయి.

2018 డిసెంబరులో లోక్‌సభ 27 సవరణలతో ఆ బిల్లును దాటించింది. నిర్వచనం మారింది గాని స్క్రీనింగ్ కమిటీ అట్లాగే ఉన్నది. ట్రాన్స్‌జెండర్లను భిక్షాటనకు పురికొల్పడం నేరమన్న సెక్షన్ కూడా ఉన్నది. పని ఇవ్వని సమాజం అడుక్కోవడాన్ని నేరం చేస్తే తినేదేమిటని దేశమంతా ట్రాన్స్‌జెండర్లు రోడ్ల మీదికి వచ్చారు. లోక్‌సభ కాలం ముగిసి ఆ బిల్లు మురిగిపోయింది. 2019 జూలైలో మళ్లీ తెచ్చినప్పుడు స్క్రీనింగ్ కమిటీ పోయింది, భిక్షాటన సెక్షన్ పోయింది. కొట్లాడితే, చదివి చెప్తే చట్టం మారుతుందనడానికి ఇంతకన్న రుజువేం కావాలె?

కాని మిగిలినదాన్ని ఎట్లా దాటించారో చూడండి. లోక్‌సభ దాన్ని ఆమోదించిన రోజు 2019 ఆగస్టు 5. ఆనాడే రాజ్యసభలో కశ్మీరు 370 అధికరణం మీద తీర్మానం. దేశం చూపంతా అటే. ఆ గందరగోళంలో ఈ బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. తర్వాత రాజ్యసభలో వచ్చింది. సెలెక్ట్ కమిటీకి పంపి మరొకసారి చదవాలన్న తీర్మానం ఓడిపోయింది. నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవం! అదే రోజు బిల్లు పాసయింది.

అట్లా పాసైన చట్టంలో ఏముంది? గుర్తింపు పత్రం జిల్లా మేజిస్ట్రేటు ఇవ్వాలన్నది. ట్రాన్స్‌జెండర్‌గా గుర్తింపు ఒక మెట్టు. మగగానో ఆడగానో రాయించుకోవాలంటే ఆపరేషన్ అయిందని ఆసుపత్రి సూపరింటెండెంటు పత్రం తేవాలి, మేజిస్ట్రేటు దాన్ని నమ్మాలి. సుప్రీంకోర్టు 2014లో వద్దన్న షరతు 2019లో పక్క తలుపు నుంచి వచ్చింది. ఇంకొకటి. ట్రాన్స్‌జెండర్ మీద లైంగిక దాడి చేసినవాడికి ఆ చట్టం రాసిన శిక్ష ఆరు నెలల నుంచి రెండేండ్లు. స్త్రీ మీద అత్యాచారానికి అప్పటికే కనీస శిక్ష పదేండ్లు. రెండేండ్లు అన్న అంకె మీకు ఎక్కడో విన్నట్టు లేదా? 1329 ఫస్లీలో హిజ్రా చీర కట్టుకుని వీధిలోకి వస్తే పడే గరిష్ఠ శిక్ష రెండేండ్లు. వందేండ్ల తర్వాత ఆ హిజ్రా మీద అఘాయిత్యం చేసినవాడికి గరిష్ఠ శిక్ష అదే రెండేండ్లు. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదివినవాడు ఒక్కడున్నా ఈ అంకె నిలిచేదా?

2020 సెప్టెంబరులో వచ్చిన నిబంధనలు కొంత నయం. అఫిడవిట్ చాలన్నాయి. వైద్య పరీక్షగాని దేహ పరీక్షగాని లేకుండా, ముప్పై రోజుల్లో గుర్తింపు పత్రం ఇవ్వాలన్నాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకునే ఏర్పాటూ వచ్చింది. కాని నిబంధన ఆఫీసరు రాసేది, చట్టం సభ చేసేది. సభలో ఖాయం కానిది రేపు ఇంకొక సవరణతో పోవచ్చు. అందుకే ఇటువంటి చట్టానికి ఏ కాలంలో ఏ సవరణ వచ్చినా మనం మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే. ఇది మనిషిని పరీక్షించమంటున్నదా, లేక మనిషికి ఇవ్వవలసింది ఇస్తున్నదా?

ఇతర దేశాల సంగతి చూద్దాం. 2012లో అర్జెంటీనా చట్టం చేసింది. డాక్టరు పత్రం లేకుండా, జడ్జి అనుమతి లేకుండా తన గుర్తింపు తాను రాయించుకోవచ్చు. దానికి సంబంధించిన వైద్యం ఆరోగ్య బీమాలో భాగమే. స్కాట్లండ్ పార్లమెంటులో 2022లో ఇటువంటి సంస్కరణ బిల్లే వచ్చింది. కమిటీ సాక్ష్యాలు విన్నది. వందకు పైగా సవరణలు వచ్చాయి. రాత్రి పొద్దుపోయేదాక చర్చించారు. డిసెంబరు 22న 86 మంది అవునని, 39 మంది కాదని ఓటు వేశారు. స్త్రీల ప్రత్యేక వసతుల సంగతేమిటి, పదహారేండ్ల వాళ్లకు ఈ హక్కు ఇవ్వవచ్చునా అని గట్టిగా అడిగారు. మరుసటి నెలలో లండన్ ప్రభుత్వం దాన్ని అడ్డుకున్నది కూడా. ఆ బిల్లు మంచిచెడ్డలు వేరే చర్చ. అక్కడ ఎవరు ఏమన్నదీ, ఎవరు ఎటు ఓటు వేసిందీ పేరుపేరునా రాసి ఉన్నది. మూజువాణి గోలలో కొట్టుకుపోలేదు. అనుమానాలున్నవాళ్లు అడగడం తప్పు కాదు. సభ ఉన్నదే అందుకు. అనుమానాన్ని సభలో అడగకుండా తెచ్చి బస్టాండులో మనిషి ఒంటిమీద తీర్చుకోవడమే తప్పు.

ఇప్పుడు వైద్యం సంగతి. మన జిల్లాలకు అసలు గాయం ఇక్కడున్నది. 2019 చట్టం 15వ సెక్షన్‌లో పెద్ద పెద్ద వాగ్దానాలే చేసింది. హార్మోన్ల చికిత్స, ఆపరేషన్ ప్రభుత్వ వైద్య సౌకర్యాల్లో అందాలి. దానికి ముందు, తర్వాత సలహా ఇచ్చే ఏర్పాటుండాలి. డాక్టర్ల పాఠ్యాంశాలు సమీక్షించాలి. బీమా ఉండాలి. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకు ఏడాదికి అయిదు లక్షల రూపాయల వైద్యం అని కేంద్రం ఒప్పందం రాసుకున్నది. చదవడానికి బాగున్నది.

దేవరకొండ దగ్గర తండాలోనో, అచ్చంపేట దగ్గర పల్లెలోనో ఇరవై ఏండ్ల మనిషి ఉన్నదనుకుందాం. పుట్టినప్పుడు కొడుకని పేరు పెట్టారు. ఆమెకు తాను కొడుకు కాదని చిన్ననాటినుంచీ తెలుసు. హార్మోన్ల గురించి అడగాలి. ఎవరిని అడగాలె? మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో వచ్చింది. నల్లగొండలో, సూర్యాపేటలో 2019లో వచ్చాయి. తర్వాత మరికొన్ని వచ్చాయి. మన చిన్నప్పుడు ఊహించని సంగతి, సంతోషమే. కాని ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గరే ఆమెకు మొదటి పరీక్ష. 'మగనా, ఆడనా?' అని అడుగుతారు. వెనుక వరుసలో నవ్వులు. ఏ వార్డులో పడుకోబెట్టాలో తెలియక బయటి బెంచీ మీద కూచోబెడతారు. జ్వరానికి పోయినా ఆమె పడే అవస్థ ఇది. ఇక హార్మోన్ల మాట ఎత్తుతుందా? నూరు కిలోమీటర్లు బస్సెక్కి హైదరాబాదు పోతుంది. లేకపోతే ఎవరో చెప్పిన మాత్రలు మెడికల్ షాపులో కొని, రక్తపరీక్ష లేకుండా, మోతాదు తెలియకుండా మింగుతుంది. అంతకన్నా అన్యాయం, డిగ్రీ లేనివాడి కత్తికి ఒళ్లప్పగిస్తుంది. ప్రాణం పోయినా అడిగే దిక్కుండదు.

హైదరాబాదులో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం 'మిత్ర్' అనే క్లినిక్ ఒకటి మొదలయింది. డాక్టరు మొదలుకొని చాలామంది సిబ్బంది ఆ సమాజం వాళ్లే. అమెరికా సాయంతో నడిచింది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపగానే తాళం పడింది. వాషింగ్టన్‌లో ఒక సంతకం, ఇక్కడ మన మనిషికి మందు బంద్! దీన్ని బట్టి మనం నేర్చుకోవలసింది ఒకటున్నది. చట్టంలో హక్కుగా రాసుకున్న వైద్యాన్ని దానధర్మం మీద నడిపిస్తే అది దాత ఇష్టాన్ని బట్టి ఉంటుంది. వైద్యం సర్కారు దవాఖానలో, సర్కారు జీతం మీద, సర్కారు బడ్జెట్ పద్దు కింద ఉండాలి. ఉస్మానియా ఆసుపత్రిలో 2022 నవంబరులో ప్రాచి రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లకు ఉద్యోగం ఇచ్చారు. అక్కడ వీలయింది పాలమూరులో, నల్లగొండలో ఎందుకు వీలుకాదు?

డాక్టర్ల చదువు సంగతీ చెప్పాలె. 2024 ఆగస్టు చివర జాతీయ వైద్య కమిషన్ ఎంబీబీఎస్ పాఠ్య మార్గదర్శకాలు విడుదల చేసింది. అంతకుముందు తీసేసిన పాత పాఠం, స్వలింగ సంబంధాలను అసహజ నేరాల కింద చెప్పేది, అందులో మళ్లీ ప్రత్యక్షమయింది. సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు చెప్పి అప్పటికి ఆరేండ్లు. గోల లేచిన తర్వాత సెప్టెంబరు 5న మార్గదర్శకాలు వెనక్కు తీసుకున్నారు. చదవకుండా బోర్డు మార్చే జబ్బు శాసనసభలకే కాదు, చదువు చెప్పే పెద్దలకూ ఉన్నది!

ఈ వైద్యం మీద శాస్త్రజ్ఞుల మధ్య కూడా వాదాలున్నాయి. ముఖ్యంగా చిన్నపిల్లల విషయంలో. ఇంగ్లండులో డాక్టర్ హిలరీ కాస్ 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక, యుక్తవయసు మార్పులను ఆపే మందుల మీద ఆధారాలు బలహీనంగా ఉన్నాయన్నది. అదే నివేదిక ఆ పిల్లలను ఏండ్లకేండ్లు క్యూలో నిలబెట్టడం కూడా తప్పన్నది. ఈ రెండు మాటల్లో ఒకటే పట్టుకుని రెండవది దాచేవాళ్లు అన్ని పక్కలా ఉన్నారు. మనం రెండూ చదవాలి. పిల్లల విషయంలో జాగ్రత్త కావాలి, ఆధారం కావాలి, ఓపిక కావాలి. కాని ఆ వాదాన్ని అడ్డం పెట్టుకుని ఇరవై ఏండ్లు దాటిన మనిషికి ఓపీ చీటీ రాయకపోవడం ఏ శాస్త్రం?

2011 జనాభా లెక్కల్లో మొదటిసారి మగ, ఆడ కాకుండా మూడో గడి పెట్టినప్పుడు దేశంలో 4 లక్షల 88 వేల మంది దాకా అందులో పేరు రాయించుకున్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43 వేల పైచిలుకు. ఇంట్లో చెప్పుకోలేక, లెక్క రాసే టీచరు ముందు నోరు విప్పలేక గడిలోకి ఎక్కనివాళ్లు వీళ్లకు అదనం. మన రెండు జిల్లాల్లో వీళ్లు లేరనుకోవడం భ్రమ. ఎనిమిదో తరగతిలో బడి మానినవాళ్లలో, బొంబాయి బస్సెక్కి తిరిగి రానివాళ్లలో వీళ్లున్నారు. పాలమూరు నుంచి వలస పోయేవాళ్లందరూ కరువుకే పోలేదు. కొందరు మన మాటలకు వెరసి పోయారు.

2023 తీర్పులో హైకోర్టు పాత చట్టాన్ని కొట్టివేసి ఊరుకోలేదు. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్లు వర్తింపజేయాలన్నది. చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ సంగతి చూడమన్నది. ఆ తీర్పు మన జిల్లాల్లో ఎంత అమలయిందో అడగవలసినవాళ్లు ఎవరు? ఎమ్మెల్యేలు అడగాలి. వాళ్లు అడగకపోతే మనం వాళ్లను అడగాలి. ఫ్లోరైడు నీళ్లు తాగిన జిల్లా మనది. మన పండ్ల గార, వంగిన ఎముకలు చూసి కొలిచి రాసుకుని పోయినవాళ్లు ఎందరో! కొలతలు తీసినంత మాత్రాన నీళ్లు రాలేదు. జనం ఫైలు ఎక్కడున్నదని వెంటబడితేనే కదిలింది. ఇదీ అంతే.

నేను అడిగేవి నాలుగే. మొదటిది, ట్రాన్స్‌జెండర్ల మీద ఏ బిల్లు వచ్చినా, ఏ సవరణ వచ్చినా, అది తెలుగులో ముందే అచ్చు కావాలి. రెండు, చర్చించే కమిటీ ఢిల్లీలోనో హైదరాబాదులోనో కూచోక, జిల్లా కేంద్రాలకు వచ్చి ఆ మనుషుల మాట వినాలి. మూడు, జిల్లాలో ఎన్ని గుర్తింపు దరఖాస్తులు వచ్చినవి, ఎన్ని తిప్పి పంపినరు, ఎన్ని రోజులు పట్టినవి అన్న లెక్క ఏటా శాసనసభ ముందు పెట్టాలి. నాలుగు, ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో వారానికి ఒకరోజైనా ఈ వైద్యానికి ప్రత్యేక ఓపీ, తర్ఫీదు పొందిన డాక్టరు ఉండాలి. ఇందులో ఒక్కటీ ఆకాశం దించడం కాదు.

మరి మన వంతు? మిత్రులారా, మన కాలేజీ దరఖాస్తు ఫారం తీసి చూడండి. మన హాస్టల్ గదుల కేటాయింపు చూడండి, మరుగుదొడ్ల బోర్డులు చూడండి. ర్యాగింగ్ పేరుతో, జోకుల పేరుతో మనం వాడే మాటలు గుర్తు చేసుకోండి. 'కొజ్జా' అన్న మాట ఎన్నిసార్లు ఎవరి మీద వాడినమో లెక్క పెట్టుకోండి. 1329 ఫస్లీ రిజిస్టరును కోర్టు చించేసింది. మన క్లాసు రూముల్లో, క్యాంటీన్ బల్లల దగ్గర ఆ రిజిస్టరు రాసేవాళ్లం మనమే అయితే దాన్ని ఏ హైకోర్టు కొట్టివేస్తుంది?

యూనియన్ ఎన్నికల ఉపన్యాసాల్లో ప్రజాస్వామ్యం మాట చాలాసార్లు వస్తుంది. ప్రజాస్వామ్యమంటే చేతులెత్తడం ఒక్కటే కాదు, చెయ్యి ఎత్తేముందు కాగితం చదవడం. ఆ కాగితం ఎవరి బతుకును తాకుతుందో వాళ్లను పిలిచి అడగడం. ఈ పని నూటనాలుగేండ్లు మన పెద్దలు చేయలేదు. రేపు లాయర్లు, డాక్టర్లు, తహసీల్దార్లు, ఎమ్మెల్యేలు కాబోయేది ఈ సంచిక చదువుతున్న మనలోనివాళ్లే. బల్ల మీదికి వచ్చిన చట్టాన్ని అక్షరం అక్షరం పరీక్షించండి. బల్ల ముందుకు వచ్చిన మనిషికి మాత్రం కుర్చీ వేయండి.